విమానాలు చూడబోయి



ఈ నెల పాత విమానాల ఇంజన్ల గురించి వ్రాద్దామని కాగితాలు ముందు వేసుకొని కూర్చున్నాము. ఇంతలో గోదావరి ప్రక్కనున్న ఒక పల్లె సంఘం నుండి ఉత్తరం వచ్చింది. వ్రాసినది ఒక తల్లి. పేరు వేయవద్దని కోరింది కనుక వేయడం లేదు. ఆమె అనుమతితో నాలుగు మాటలు ఇక్కడ వ్రాస్తున్నాము.

“మాస్టారు గారికి వందనములు. రెండేళ్ళుగా మీరు విమానాల మీద వ్రాసినవన్నీ మా అబ్బాయి కత్తిరించి గోడకు అంటించుకున్నాడు. ఇప్పుడు వాయుసేనలో ఎంపికై శిక్షణకు వెళ్ళాడు. వాడు వెళ్ళిన రోజు నుండి నాకు సరిగా నిద్ర లేదు. మీరు విమానం ఎంత ఎత్తున ఎగురుతుందో వ్రాశారు, ఎంత వేగంగా పోతుందో వ్రాశారు. అందులో కూర్చున్న పిల్లలు ఏమయ్యారో మాత్రం ఎక్కడా వ్రాయలేదు.”

ఆ ఉత్తరం చదివి మా ఇంటావిడ మా ముఖం వంక చూచింది. ఏమీ అనలేదు. ఆమె చెప్పిందీ అదే గదా! ఇంగ్లాండు నుండి తిరిగి వచ్చిన రోజునే, “ఆ గోడల సంగతి కూడా వ్రాయండి” అన్నది. పల్లెల్లో చదివేవారికి అంత బరువైన సంగతులు ఎందుకులే అని మేమే తప్పించుకున్నాము. అది మా తప్పు. ఈ నెల ఆ బాకీ తీరుస్తాము.

మా విమానాల పిచ్చికి మూలం మా అమ్మ. ఆమెది కాకినాడ. 1942లో ఈస్టరు పండుగ ఏప్రిల్ 5న వచ్చింది. ఆ మరునాడు, అంటే 6వ తేదీ సోమవారం, ర్యూజో అనే జపాను నౌక మీది నుండి లేచిన విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. అప్పటికి అమ్మకు పన్నెండేళ్ళు. పండుగకు కుట్టించిన పరికిణీతోనే అందరితో పాటు ఊరు విడిచి పరుగెత్తిందట. ఆ కథ ఆమె ఎన్నిసార్లు చెప్పినా మేము అడిగే ప్రశ్న ఒక్కటే: “విమానం ఎలా ఉందమ్మా?” ఆమెకు విసుగు వచ్చేది. “ప్రాణాలు అరచేతిలో పెట్టుకొని పరుగెత్తుతుంటే రెక్కలు లెక్కపెడతానా?” అనేది. ఇప్పుడు ఈ తల్లి ఉత్తరం చదివితే అమ్మ గొంతే వినబడింది.

మా పెద్దమ్మాయి ఇంగ్లాండులో నర్సు. లండను దగ్గర ఒక చిన్న పట్నంలో కాపురం. 2019 వేసవిలో మేమిద్దరం అక్కడ రెండు నెలలున్నాము. అందరూ రాణిగారి కోట చూస్తామంటే మేము హెండన్ వెళదామన్నాము. లండనుకు ఉత్తరాన ఉన్న ఆ చోట వారి వాయుసేన మ్యూజియం ఉంది. టికెట్టు లేదు. ప్రొద్దున వెళ్ళినవాళ్ళం సాయంత్రం తలుపులు వేసేవరకు బయటికి రాలేదు.

మొదటి ప్రపంచయుద్ధం నాటి విమానాల మధ్య ఒకటి ఉంది. పేరు డీహెచ్-9ఏ. చెక్క, గుడ్డ, తీగలతో కట్టిన రెండు రెక్కల అంతస్తుల విమానం. ముందు నడిపేవాడు, వెనుక తుపాకి పట్టుకున్నవాడు, ఇద్దరే. అది మన హైదరాబాదు నిజాము నవాబు బహూకరించిన విమానం! ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1918లో బ్రిటిషువారికి ఒక దళానికి సరిపడ విమానాలు కొనిచ్చారు. అందుకే ఆ 110వ దళానికి హైదరాబాదు పేరు పెట్టారు. తరువాత రెండవ ప్రపంచయుద్ధంలో 152వ దళానికీ, 253వ దళానికీ కూడా హైదరాబాదు పేరు వచ్చింది. 152వ దళం ముద్ర మీద నిజాము తలపాగా ఉంటుంది. 1940లో ఇంగ్లాండు ఆకాశంలో జరిగిన పోరాటంలో ఆ దళం స్పిట్‌ఫైర్ విమానాలతో పోరాడింది. మాకు ఛాతీ ఉప్పొంగింది. “మన డబ్బే!” అన్నాము. మా ఇంటావిడ నాయనమ్మది నల్లగొండ. “మన డబ్బే. మా నాయనమ్మవాళ్ళ శిస్తు డబ్బు” అన్నది. దానికి మా దగ్గర జవాబు లేకపోయింది.

ఈ విమానం కథ వింతయినది. 1918 అక్టోబరు 5న జర్మనీ మీదికి వెళ్ళి శత్రువుల నేల మీద దిగవలసి వచ్చింది. లోపలి ఇద్దరూ ఖైదీలయ్యారు. ఇంకొక అయిదు వారాలు గడిస్తే, నవంబరు 11న, యుద్ధమే ముగిసింది. జర్మనులు విమానాన్ని బెర్లినులో ప్రదర్శనకు పెట్టుకున్నారు. రెండవ యుద్ధంలో బెర్లిను మీద బాంబులు పడుతుంటే తూర్పుకు తరలించారు. చివరకు పోలండు దేశంలోని క్రాకో మ్యూజియంలో తేలింది. 1977లో బ్రిటిషువారు ఒక స్పిట్‌ఫైరును ఇచ్చి దీనిని తెచ్చుకున్నారు. ఈ కథ ఇంతకు ముందు వ్రాసినప్పుడు మా అమ్మాయి చదివి, “విమానం తిరిగి వచ్చిన సంగతి వ్రాశావు, ఆ దళంలో తిరిగిరాని వాళ్ళ సంగతి వ్రాయలేదు నాన్నా” అన్నది. వారిలో చాలామంది రాలేదు.

అదే మ్యూజియంలో లాంకాస్టర్ అనే పెద్ద బాంబర్ ఉంది. నాలుగు ఇంజన్లు, ఏడుగురు మనుషులు. ఇది 137 సార్లు యుద్ధానికి వెళ్ళి వచ్చింది. వెళ్ళివచ్చిన ప్రతిసారికీ ముక్కు ప్రక్కన ఒక చిన్న బాంబు బొమ్మ వేశారు. మన ఇళ్ళల్లో పాల లెక్కకు గోడ మీద బొట్లు పెట్టినట్లు వరుసలు వరుసలుగా ఉన్నాయి. అన్నిసార్లు తిరిగి వచ్చిన లాంకాస్టర్లు చాలా తక్కువ. బ్రిటిషు బాంబర్ దళాలలో ఎగిరినవారు సుమారు 1,25,000 మంది. చనిపోయినవారు 55,573 మంది. అంటే పదిమందిలో నలుగురికి మించి. అందరూ కోరి చేరినవారే. విమానం తోకలో ఒక చిన్న అద్దాల గూడు ఉంటుంది. అందులో ఒక్కడే, వెనుకకు తిరిగి, కాళ్ళు ముడుచుకొని, తుపాకులు పట్టుకొని రాత్రంతా కూర్చోవాలి. మిగిలిన ఆరుగురికి దూరంగా. ఆ గూడు ముందు మేము చాలాసేపు నిలబడ్డాము. ఆ రోజు చూచింది తుపాకులనే అని ఒప్పుకోవాలి.

తరువాతి వారం కేంబ్రిడ్జి దగ్గరనున్న డక్స్‌ఫర్డ్ వెళ్ళాము. అది నిజంగా యుద్ధకాలపు విమానాశ్రయం. మొట్టమొదటి స్పిట్‌ఫైర్ 1938 ఆగస్టులో వాయుసేనకు చేరింది ఈ మైదానంలోనే. మేము వెళ్ళిన రోజు పాత విమానాలను ఎగురవేసి చూపారు. మన తిరునాళ్ళలాగే ఉంది. జనం కుర్చీలు, దుప్పట్లు, తినుబండారాలు తెచ్చుకొని గడ్డి మీద కూర్చున్నారు. ఒక తాతగారు మనవడిని భుజాల మీద ఎక్కించుకున్నాడు. స్పిట్‌ఫైర్ లేచింది. ఆ ఇంజను శబ్దం గురించి గత సంవత్సరం ఒక పుట నిండా వ్రాశాము కనుక మళ్ళీ వ్రాయము. పొట్టలో నుండి వచ్చినట్లుంటుంది. మేము చప్పట్లు కొట్టాము. ఆనందం పట్టలేకపోయాము. దాన్ని దాచుకోము. ఈ రోజు మళ్ళీ వినిపించినా ఇల్లు వదిలి బయటికి పరుగెత్తుతాము.

అక్కడే అమెరికా విమానాల కోసం కట్టిన పెద్ద గుండ్రని కప్పు భవనం ఉంది. లోపలికి వెళ్ళే దారి ప్రక్కన నిలువెత్తు గాజు పలకలు, మొత్తం 52. వాటి మీద చిన్న చిన్న విమానాల బొమ్మలు చెక్కి ఉన్నాయి. ఏదో అలంకారం అనుకొని మేము గబగబ దాటిపోయాము. లోపల బి-52 ఉంది, బి-17 ఉంది, అదీ మా తొందర. మా ఇంటావిడ వెనుకబడిపోయింది. లోపల అంతా తిరిగి వచ్చి చూస్తే ఆమె ఇంకా మూడవ గాజు పలక దగ్గరే ఉంది. రెండవ ప్రపంచయుద్ధంలో బ్రిటను నుండి యుద్ధానికి వెళ్ళి తిరిగిరాని అమెరికా విమానాలకు ఒక్కొక్క దానికి ఒక్కొక్క బొమ్మ అట. మొత్తం 7,031. “ఒక్కొక్క దానిలో ఎంతమంది ఉంటారండీ?” అని అడిగింది. కొన్నిటిలో ఒక్కడే, బి-17 వంటి వాటిలో పదిమంది అన్నాము. ఆమె మళ్ళీ పలక వైపు తిరిగింది. ఆ గాజులో నుండి చూస్తే అవతల గడ్డి మీద పిల్లలు ఐస్‌క్రీము తింటూ కనబడుతున్నారు.

ఇక అసలు చెప్పవలసిన సంగతి. మా అమ్మాయి వెళ్ళే సంఘంలో ఒక పెద్దావిడ ఉండేది. ఎనభై అయిదేళ్ళు. ఆదివారం ఆరాధన తరువాత టీ త్రాగుతూ, మాకు విమానాలంటే ఇష్టమని విని దగ్గరకు పిలిచింది. ఆమె అన్న లాంకాస్టర్ తోక గన్నర్. 1943లో వెళ్ళి తిరిగి రాలేదు. అప్పుడు అతనికి ఇరవై ఒకటి, ఆమెకు తొమ్మిది. శవం దొరకలేదు. సమాధి లేదు. రనీమీడ్ అనే చోట రాతి గోడ మీద పేరు మాత్రం ఉంది. మోకాళ్ళ నొప్పుల వలన ఆ కొండ ఎక్కలేకపోతున్నానని, మీరు వెళ్ళి చూచి రాగలరా అని అడిగింది. ఒక చీటీ మీద పలక నంబరు వ్రాసిచ్చింది. పరాయి దేశపు ముసలి తల్లి మమ్మల్ని అడిగిన మొదటి పని అది. ఎలా కాదంటాము?

రనీమీడ్ లండనుకు పడమర, థేమ్సు నది ఒడ్డున ఉంది. 1215లో ఇంగ్లాండు రాజు చేత ప్రజల హక్కుల పత్రానికి ముద్ర వేయించిన పచ్చిక మైదానం అదే. దాని పైనున్న కొండ మీద వాయుసేన స్మారకం కట్టి 1953లో ఎలిజబెత్ రాణి చేత ప్రారంభింపజేశారు. తెల్లని రాయి. నాలుగు ప్రక్కలా వరండా, నడుమ పచ్చగడ్డి. గోడలలో సన్నని కిటికీలు. ప్రతి కిటికీ ప్రక్కల రాతి మీద పేర్లు. సమాధి లేని వారి పేర్లు 20,000కు పైగా ఉన్నాయి. సంవత్సరం వారీగా, హోదా వారీగా, ఇంటిపేరు, పొడి అక్షరాలు. అంతే. ఊరు లేదు. వయస్సు లేదు. “మన సమాధుల తోటలో బిడ్డ పేరు ప్రక్కన వయస్సు వ్రాసుకుంటాము గదా, వీళ్ళకు అది కూడా లేదేమండీ” అన్నది మా ఇంటావిడ.

1943 పేర్లు వెదకడానికి గంట పట్టింది. ఆ ఒక్క సంవత్సరానికే అన్ని గోడలు! ఇంజన్ల నంబర్లు కంఠతా చెప్పగలిగిన మేము అక్కడ వ్రేలితో ఒక్కొక్క పేరూ చదువుకుంటూ పోయాము. మధ్యలో ఒకచోట ఒకే ఇంటిపేరు వరుసగా పన్నెండుసార్లు వచ్చింది. దొరికింది. మా అమ్మాయి కాగితం ఆనించి పెన్సిలుతో రుద్దింది. అక్షరాలు తెల్లగా పైకి వచ్చాయి. రెండు కాగితాల మీద తీసుకున్నాము.

ఆ గోడల మీదనే నూర్ ఇనాయత్ ఖాన్ పేరు కూడా చూచాము, 243వ పలక మీద. టిప్పు సుల్తాను వంశపు ఆడపిల్ల. వాయుసేన మహిళా విభాగంలో చేరి, రహస్యంగా ఫ్రాన్సులో వైర్లెస్ నడుపుతూ పట్టుబడి, 1944 సెప్టెంబరులో డాకౌ నిర్బంధ శిబిరంలో చంపబడింది. ఆమెకు ముప్పై ఏళ్ళు.

లోపల ప్రార్థన గదిలా ఉన్న చోట పెద్ద గాజు కిటికీ ఉంది. దాని మీద 139వ కీర్తనలోని మాటలు చెక్కారు. ఆకాశానికెక్కినా, సముద్రపు దిగంతాలకు పోయినా అని చెప్పే ఆ వచనాలు మన పిల్లలకు కూడా కంఠతా వచ్చు. సమాధి లేనివారి గోడకు ఆ కీర్తనే ఎందుకు ఎంచారో అక్కడ నిలబడితే వేరే ఎవరూ చెప్పనక్కరలేదు. మెట్లెక్కి పైకి పోతే దూరాన హీత్రూ విమానాశ్రయం. నిమిషానికొక విమానం లేస్తోంది. అలవాటు చొప్పున అది ఏ రకమో చెప్పబోయాము. నోరు రాలేదు.

కాగితం తెచ్చి ఇస్తే ఆ పెద్దావిడ కళ్ళద్దాలు పెట్టుకొని చదువుకొని, “అక్కడ గాలి వీస్తోందా?” అని అడిగింది. వీస్తోందన్నాము. తరువాత చెప్పింది: తంతి వచ్చిన రోజు నుండి వాళ్ళమ్మ పెరటి తలుపుకు గడియ పెట్టలేదట. వాడు రాత్రిపూట వస్తే తట్టవలసి వస్తుందని. 1962లో ఆ తల్లి చనిపోయేదాకా ఆ తలుపు అలాగే ఉంది. ఇంకొక మాట కూడా చెప్పింది. “వాడు ఎవరి ఇళ్ళ మీద బాంబులు వేశాడో అమ్మ ఎప్పుడూ అడగలేదు. నేను పెద్దదాన్నయ్యాక అడిగాను.” అడిగి ఊరుకోలేదు, జర్మనీలోని హాంబుర్గు వెళ్ళి వచ్చింది. 1943 జూలై దాడులలో అక్కడ దాదాపు నలభై వేలమంది చనిపోయారు. సెయింట్ నికొలాయ్ దేవాలయపు ఎత్తైన గోపురాన్ని గురుతుగా పెట్టుకొని విమానాలు వచ్చేవి. దేవాలయం పోయింది, గోపురం మాత్రం నల్లగా నిలిచి ఉంది. ఆ గోపురం క్రింద ఒక జర్మను ముసలమ్మ ప్రక్కన కూర్చొని ఇద్దరూ ఏడ్చారట. ఒకరి భాష ఒకరికి రాదు.

“కోవెంట్రీ కూడా చూచి వెళ్ళండి” అని ఆమే చెప్పింది. ఆ ఊళ్ళో చూడదగిన విమానమేదైనా ఉందా అని మేము అడగలేదు. 1940 నవంబరు 14 రాత్రి జర్మను విమానాలు ఆ ఊరిని కాల్చివేశాయి. అయిదు వందల మందికి పైగా చనిపోయారు. పెద్ద దేవాలయం కప్పు కూలిపోయింది. గోడలు అలాగే ఉంచి ప్రక్కన క్రొత్త దేవాలయం కట్టి 1962లో ప్రతిష్ఠించారు. దాని ముందున్న గాజు గోడ మీద దూతలను చెక్కినది జాన్ హట్టన్ అనే కళాకారుడు. రనీమీడ్ కిటికీ చెక్కినదీ ఆయనే. పాత గోడల మధ్య కాలిన రెండు దూలాలతో చేసిన సిలువ నిలిపారు. దాని వెనుక రాతి మీద అప్పటి గురువు రిచర్డ్ హోవర్డ్ గారు రెండే రెండు పదాలు చెక్కించారు. శుభ శుక్రవారం మనం ధ్యానించే ఏడు మాటలలో మొదటిదానిలో నుండి తీసుకున్నారు. తండ్రిని పిలవడం, క్షమించమని అడగడం. ‘వీరిని’ అన్న మాట విడిచిపెట్టారు. కాల్చినవారినా, కాలినవారి తరఫున తిరిగి కాల్చబోయేవారినా? ఎవరినీ వేరు చేయలేదు. ఊరు ఇంకా కమురు వాసన వేస్తుండగానే ఆ గురువుగారు పగ వద్దని బహిరంగంగా చెప్పారు. అందరికీ నచ్చలేదని వేరే చెప్పాలా?

అమ్మా, మీ ఉత్తరానికి ఇంతకన్నా సూటిగా జవాబు చెప్పాలి. మీ అబ్బాయిని వెనుకకు రమ్మని వ్రాయండి అని మేము చెప్పము. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు మేడల మీద ఉన్నవారికి అన్నం పొట్లాలు వేసినవి వాయుసేన, నౌకాసేన హెలికాప్టర్లే. 2013 జూన్‌లో ఉత్తరాఖండ్ వరదల్లో సహాయానికి వెళ్ళిన ఒక హెలికాప్టరు కూలి 20 మంది చనిపోయినదీ నిజమే. ఏ భయమూ లేదని మీకు వ్రాస్తే అబద్ధమవుతుంది. 2016 జూలై 22న చెన్నై తాంబరం నుండి పోర్టుబ్లెయిరుకు వెళ్ళిన ఏఎన్-32 విమానం సముద్రం మీద మాయమైంది. అందులో 29 మంది. వారిలో ఎనిమిదిమంది మన విశాఖపట్నం నౌకాదళ ఆయుధాగారం ఉద్యోగులు. ఏడున్నర ఏళ్ళ తరువాత, 2024 జనవరిలో, దాని శకలాలు సముద్రం అడుగున 3,400 మీటర్ల లోతులో కనబడ్డాయని ప్రకటించారు. ఆ ఇళ్ళలో ఎవరి తలుపుకు గడియ లేదో మనకు తెలియదు. మీ సంఘంలో ప్రార్థన మనవులు చదివేటప్పుడు ఆ కుటుంబాలను కూడా తలచుకోండి.

మీ నిద్ర సంగతి. మీ అబ్బాయి అంటించుకున్న మా వ్యాసాల ప్రక్కన ఇది కూడా అంటించండి. వాడికి ఇష్టమైనదాన్ని మేము కాదనడం లేదు, మాకూ ఇష్టమే. కాని సగం చెప్పి ఊరుకున్నాము. మిగతా సగం వాడికి చేరాలి.

ఆ పెద్దావిడ 2021లో కన్నుమూసింది. మేము తీసిన పెన్సిలు కాగితం ఆమె పెట్టెలో పెట్టారని ఆమె కుమార్తె మా అమ్మాయికి చెప్పింది. రెండవ కాగితం మా దగ్గర, బైబిలులో ఉంది. మీ అబ్బాయి సెలవు మీద వచ్చినప్పుడు విశాఖపట్నం తీసుకురండి. బీచ్ రోడ్డు మీద టీయూ-142 విమానం ఉంది, 29 ఏళ్ళు నౌకాదళంలో ఎగిరి 2017లో విశ్రాంతి తీసుకున్నది. అందరం కలిసి చూద్దాము, లోపలికి కూడా ఎక్కవచ్చు. తరువాత మా ఇంటికి వచ్చి ఆ కాగితం చూడండి. చేపల పులుసు చేస్తానని మా ఇంటావిడ ఇప్పుడే చెప్పమంటోంది. వచ్చే ముందు ఒక కార్డు ముక్క వ్రాస్తే చాలు.